ముళబాగిలు కోటలో పెళ్లిచూపులు

పోయిన నెల బెంగళూరు నుంచి తిరుపతికి పోతూ ముళబాగిలులో టిఫినుకని కారు ఆపినప్పుడు, మా మనవరాలు హోటలు బయట చెయ్యి కడుక్కుంటూ, ఊరి వెనకాల లేచి నిలబడిన బండకొండను చూసి, దాని మీద ఆ గోడలేమిటని అడిగింది. పాతకాలం కోట అని చెప్పాను. అంతే, వాళ్ళ నాన్నను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నా మోకాళ్ళు ఇప్పుడు వాకిట్లో గడపనే లెక్కపెట్టి దాటుతున్నాయి గనక నేనూ మా అమ్మాయీ హోటల్లోనే కూర్చుండిపోయాం. వాళ్ళు దిగి వచ్చి సెల్‌ఫోనులో ఫోటోలు చూపిస్తే, రాళ్ళూ ముళ్ళకంపలూ తప్ప నాకేమీ గుర్తు పట్టేటట్టు కనపడలేదు. నువ్వెప్పుడైనా ఎక్కావా అమ్మమ్మా అంటే ఒక్కసారి ఎక్కానన్నాను. ఎందుకంటే పెళ్లిచూపులకన్నాను. కొండ మీద పెళ్లిచూపులేమిటని విరగబడి నవ్వి, "ఎవరి పెళ్లిచూపులు?" అంది.

కాఫీ చల్లారిపోతోంది తాగమన్నాను. తిరుపతి చేరేదాకా, చేరాక క్యూలో నిలబడినప్పుడు కూడా, ఆ ప్రశ్నకు ఏం చెప్పి ఉండాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు సరిగ్గా తెలియదంటే పిల్లలు నమ్మరు. నా ఈడువాళ్ళయితే నమ్ముతారేమో.

మాది కోలారు బంగారు గనుల ఊరు. మా తాత చిత్తూరు జిల్లా పల్లె వదిలి గనిలో కూలికి వచ్చాడు, ఆయన తర్వాత మా నాయన దిగాడు. నేను చెప్పే నాటికి గనులు తెల్లదొరల చేతుల్లోంచి గవర్నమెంటు చేతుల్లోకి వచ్చి చాలాకాలమే అయింది. దొరల బంగళాల్లో మన ఆఫీసర్లు చేరారు గానీ, మేముండే లైన్లలో, అంటే గని పనివాళ్ళకని వరసగా కట్టిన రేకుల ఇళ్ళల్లో, అదే కొళాయి, అదే వరస, అదే సైరన్ కూత. లోపల సొరంగం కుంగకుండా దుంగలు నిలబెట్టడం నాయన పని. అన్నేళ్ళు రాతిపొడి పీల్చిన మనిషి గనక నాలుగడుగులు గట్టిగా నడిస్తే ఆయాసపడేవాడు, అయినా అది ఎవరైనా గమనిస్తే కోపం.

ఆ ఇంట్లో అమ్మా నాయనా, నేనూ, మా తమ్ముళ్ళూ కాక పిన్నమ్మ ఉండేది. పిన్నమ్మంటే అమ్మకు చెల్లెలు. నాకన్నా ఎనిమిదితొమ్మిదేళ్ళు పెద్దది, అంతే. పెళ్ళయిన రెండో ఏడే ఆమె మొగుడు భూమి లోపల బండలు పేలిన ప్రమాదంలో పోయాడు. అట్లా పేలినప్పుడు పైనున్న మా ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి, కదిలినప్పుడల్లా ఆడవాళ్ళు పని ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆయన పోయాక పిన్నమ్మకు ఆసుపత్రిలో ఆయా పని ఇచ్చారు. పిల్లల్లేరు. బొట్టు లేని మొహంతో, అంచు లేని చీర కట్టుకుని, పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చేది. రాత్రుళ్ళు నా పక్కనే పడుకునేది. నా జడ ఆమే వేసేది. నేను ఎస్సెస్సెల్సీ పాసై మా ఊరి బజారు రాబర్ట్‌సన్‌పేటలో టైపు నేర్చుకోవడానికి పోతే, ఆలస్యమైన రోజు బజారు మొదట్లో నిలబడి ఎదురుచూసేది కూడా ఆమే.

మా నాయనకు ఒక అక్క ఉండేది, ముళబాగిలులో కాపురం, కొండ కింద వీధిలో ఇల్లు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆమె ఒకనాడు మా ఇంటికి వచ్చి, నాయన అన్నం తింటుండగా, మీ ఇంట్లో పిల్లకు సంబంధం ఉండాది అని చెప్పింది. పిల్లవాడిది ముళబాగిలు పక్కన బైరకూరు, సేద్యం చేసే కుటుంబం, వాడు మాత్రం ఇక్కడే గనిలో ఇంజను డ్రైవరు, తండ్రి లేడు, తల్లి మంచిది. నాయన సంతోషపడ్డాడు. ఇంటికి రమ్మని చెప్పమంటే అత్త ఒప్పుకోలేదు. లైన్లలోకి వాళ్ళు వచ్చారంటే సాయంత్రానికల్లా ఆ చివర నుంచి ఈ చివరదాకా తెలిసిపోతుంది, కుదిరితే సరే, కుదరకపోతే పిల్లకు చెడ్డపేరు వస్తుంది అంది. అదీ నిజమే. గుళ్ళో కలుద్దామంటే గుడి నిండా తెలిసినవాళ్ళే. అందుకని ఆదివారం నాడు కోట చూడ్డానికి పోయినట్టు కొండెక్కాలనీ, వాళ్ళూ అట్లే వస్తారనీ, ఎవరి దారిన వాళ్ళు వచ్చినట్టుంటుందనీ తేల్చింది. పోతూ పోతూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ మా పిన్నమ్మను తప్పకుండా వెంటబెట్టుకు రమ్మంది.

ఆ మాట మా అమ్మకు అర్థం కాలేదు. శుభమా అని పిల్లను చూపించబోతూ బొట్టు లేని మనిషిని ముందర పెట్టుకుపోతారా ఎవరైనా? వదినకు మతి పోయిందని రెండ్రోజులు గొణిగింది. కానీ అమ్మకు అప్పట్లో మోకాలు వాచి నడవలేని పరిస్థితి, ఆడపిల్ల వెంట ఇంకో ఆడమనిషి లేకుండా పంపలేరు. చివరికి పిన్నమ్మే బయల్దేరింది. తనను తీసుకుపోతున్నందుకు సంతోషమో, తన వల్ల చెడిపోతుందేమోనని భయమో, ఆ పొద్దున నా జడ మూడుసార్లు విప్పి మూడుసార్లు వేసింది.

అమ్మ పట్టుచీర, పక్కింటి టీచరమ్మ దగ్గర అడిగి తెచ్చిన మడమల చెప్పులు. కోట చూడ్డానికి పోయేవాళ్ళు పట్టుచీర కట్టుకుపోతారా అని ఆలోచించిన మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు. బేతమంగళం మీదుగా పోయే బస్సులో నాయన ముందు సీట్లో, నేనూ పిన్నమ్మా వెనక. చెరువు కనిపించినప్పుడు పిన్నమ్మ నా చెవిలో, అతను నచ్చకపోతే నా చెయ్యి గిల్లు, నేను చూసుకుంటా అని చెప్పింది.

ముళబాగిలు బస్‌స్టాండులో అత్తతోబాటు వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. తల్లి పొట్టిగా, ఎండకు నల్లబడి, గట్టిగా ఉంది. కొడుక్కు ముప్పై దాటి ఉంటాయి. ఉతికిన తెల్లచొక్కా, నిదానమైన మొహం. వయసు కొంచెం ఎక్కువే అనుకున్నాను గానీ ఆ మొహం చూసి గిల్లాలనిపించలేదు. అతను నాయనకు నమస్కారం పెట్టి, "బాగుండావా అన్నా?" అన్నాడు. నాయన మొహం కొంచెం ముడుచుకుంది. పిల్లనిచ్చే మనిషిని మామా అనాలి గానీ అన్నా అంటాడేమిటి? ఇంజను దగ్గర అందరినీ అన్నా అని పిలిచే అలవాటేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పక్కకు తిరిగితే పిన్నమ్మ కొయ్యబారి ఉంది. మొహంలో నెత్తురు లేదు. ఎండ తగిలిందా అని అడిగితే, లేదు పద పద అని నన్ను తోసినంత పని చేసి ముందు నడిచింది.

ఆ కొండకు సగందాకా బండలోనే తొలిచిన మెట్లున్నాయి, ఆపైన మెట్లని మనం అనుకోవాల్సిందే. ఎక్కుతూ అత్త ఈ కోట ఫలానా రాజు కట్టాడని ఒక పేరు చెప్పింది, వాళ్ళమ్మ ఇంకో పేరు చెప్పింది, నాయన ఇద్దరూ కాదు హైదరాలీ అన్నాడు. ఎవరు కట్టారో నాకెందుకు, నా కాళ్ళ కింద చెప్పులు నిలవడం లేదు. కాసేపటికి చెప్పులు చేత్తో పట్టుకుని చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. పెళ్లికూతురు వేషం అక్కడితో సరి.

మెట్లు అయిపోయే చోట తలుపుల్లేని పెద్ద రాతివాకిలి ఉంది. అక్కడికి వచ్చేసరికి నాయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు. దగ్గు ఆగలేదు. నేను ఈడ గాలికి కూర్చుంటా మీరు చూసిరండి అన్నాడు. అతని తల్లి, ఎక్కగలిగి కూడా, నేనూ ఈడే ఉంటానప్పా అని పక్కన చతికిలబడింది. మిగిలిన నలుగురం పైకి సాగాం.

అతను కొంచెం కుంటుతున్నాడని అప్పుడు చూశాను. అత్త చెప్పనే లేదు. గనిలో కాలి మీద దుంగ పడి విరిగి చాలాకాలం మంచంలో ఉన్నానని అతనే చెప్పాడు. ముందు పోతున్న పిన్నమ్మ, వెనక్కి తిరిగి చూడకుండానే, "ఆ కాలు కాదు, ఎడమకాలు ముందు పెట్టండి, జారతాది" అంది. అతను ఎడమకాలు ముందు పెట్టాడు. ఏ కాలు విరిగిందో పిన్నమ్మకెట్లా తెలిసింది? ఆసుపత్రిలో పనిచేసే మనిషి గనక నడక చూసి కనిపెట్టిందనుకున్నాను. ఆరోజు ప్రతిదానికీ నేనే ఒక జవాబు తయారుచేసుకుంటూ వచ్చాను, ఒక్కటీ సరైంది కాదు.

పైన కొండ వెడల్పుగా, చదునుగా ఉంది. కూలిన గోడలు, గడ్డి మొలిచిన ఇటుకలు, సీతాఫలం పొదలు, బండ మధ్యలో వాననీళ్ళు నిలిచిన పెద్ద గుంట. మా వైపు దాన్ని దొన అంటారు. పచ్చటి నీళ్ళు. చుట్టూ ఎటుచూసినా చెరువులు అద్దం ముక్కల్లా ఉన్నాయి. నైరుతిగా తెల్లగా ఒక గీత చూపించి అదే మన సైనైడు దిబ్బ అన్నాడతను. బంగారం తీసేసిన మట్టి గుట్టలవి, మా ఊరికి ఆనవాళ్ళు. నాకు ఎండ మసక తప్ప ఏమీ కనిపించలేదు, అయినా కనిపిస్తోందన్నాను.

పిన్నమ్మ దొన అవతలికి పోయి మాకు వీపు పెట్టి కూర్చుంది. అత్త సీతాఫలాలు కోస్తానని పొదల్లోకి పోయింది, కావాలనే పోయిందని నాకు అర్థమై దోపుకున్న కుచ్చిళ్ళు కిందికి దించుకున్నాను. అతను నాకు కొంచెం దూరంలో బండ మీద కూర్చున్నాడు. టైపు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఉద్యోగం చేస్తావా అని అడిగాడు. తమ్ముళ్ళ చదువులు అడిగాడు. తర్వాత చేతుల్లోకి చూసుకున్నాడు. ఆ చేతులు పెద్దవి, గోళ్ళ సందుల్లో గ్రీజు మరక ఎంత తోమినా పోనట్టుంది. అప్పుడు తలెత్తి అన్నాడు:

"మీ ఇంట్లో అందరికన్నా ముందు నిన్నడగాలని వచ్చినానమ్మా. నీకు ఇష్టం లేకుంటే ఇంగ ఈ మాట ఈడనే వదిలేస్తాను. నీకు ఇష్టమేనా?"

మా లైన్లలో ఏ ఆడపిల్లనూ ఎవరూ ఆ మాట అడగగా నేను వినలేదు. అదిగో పిల్లవాడు, ఇదిగో ముహూర్తం అనేవాళ్ళు. ఈ మనిషి కుంటికాలితో ఇంత కొండెక్కి వచ్చి, నాయన్ను కాకుండా నన్నడుగుతున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇష్టమే" అన్నాను. వినపడలేదేమోనని మళ్ళీ, "నాకు ఇష్టమే" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. "నీ మాట చాలు తల్లీ" అని లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, నన్నక్కడే వదిలేసి దొన చుట్టూ తిరిగి మా పిన్నమ్మ దగ్గరికి పోయాడు.

తల మీద చెయ్యి పెట్టడమేమిటి, తల్లీ అనడమేమిటి? పెద్దదానిగా ఆమె అనుమతి కూడా అడగడానికి పోయాడేమోనని ఆ కొండ మీద చివరి జవాబు తయారుచేసుకున్నాను. కానీ నీళ్ళ మీదుగా మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. పిన్నమ్మ లేచి నిలబడింది.

"పాప ఇష్టమని చెప్పినాది కదా, నాకు వినపడె. ఇంగ నాతో ఏం మాటలుండాయి? సల్లంగా ఉండండి."

"నీ గురించే కదా పాపను అడిగినాను!" అన్నాడతను. "నువ్వే కదా అంటివి, ఆసుపత్రిలో? ఆ పిల్ల మనసు నొచ్చుకుంటే నేను యాడికీ రాను అని. అందుకే ముళబాగిలు అక్కను పట్టుకున్నా, ఆమె ఈ దావ చెప్పినాది. నీకు చెప్పలేదా?"

పిన్నమ్మ మెల్లగా నావైపు తిరిగి చూసింది. మధ్యలో ఆ పచ్చటి నీళ్ళు. నా పట్టుచీరా, చేతిలో చెప్పులూ, మొహమ్మీద ఇంకా ఆరని నీళ్ళూ ఆమెకు కనిపించే ఉంటాయి. నేను దేనికి ఇష్టమన్నానో ఈ భూమ్మీద అర్థమైన మనిషి ఆమె ఒక్కతే. నాకు అర్థమైంది మాత్రం ఒకటే, బస్‌స్టాండులో ఆమె మొహంలో నెత్తురు ఎందుకు లేదో. తాను మనసు పెట్టుకున్న మనిషి తాను పెంచిన పిల్లను చూసుకోవడానికి వచ్చాడనుకునే ఆ కొండంతా ఎక్కింది. ఎక్కుతూ కూడా కాలు జారుతుందని అతనికి జాగ్రత్త చెప్పింది.

"వొద్దు" అంది అతనితో. "నాకేమీ వొద్దు. మీరు పోండి." అని గోడ వెంబడి విసవిసా నడిచిపోయింది. అతను పిలిచాడు, ఆగలేదు. పొదల్లోంచి అత్త వచ్చి, ఏమైందే, యాడికి పోతాదే అది, అంటూ ఒళ్ళో ఉన్న కాయలన్నీ జారవిడిచింది. నాకు అక్కడ నిలబడాలో, ఏడవాలో, వెంటపోవాలో తెలియలేదు. కాళ్ళే పోయాయి, వాటి వెనక నేను పోయాను. పిన్నమ్మ దారి తప్పి కోట అవతలి పక్కకు, దిగడానికి లేని చోటికి పోయి, అక్కడ బురుజు అంచున నిలబడి ఉంది. కింద నిలువునా బండ. చెయ్యి పట్టుకున్నాను. గాలి మాత్రం విపరీతంగా కొడుతోంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. అట్లాగే పట్టుకుని కిందికి తీసుకొచ్చాను.

రాతివాకిలి దగ్గరికి వచ్చేసరికి ఇంకో గొడవ సిద్ధంగా ఉంది. మేము పైనున్నంతసేపూ నాయనా, అతని తల్లీ కింద కూర్చుని వియ్యంకుల్లా మాట్లాడుకున్నారట. మా పిల్ల నెమ్మదస్తురాలని నాయన, చూసినాను కదప్పా ఆసుపత్రిలో నా కొడుకును ఎట్లా చూసుకున్నాదో అని ఆమె. ఆసుపత్రేమిటని నాయన అడగ్గానే ముడి విడిపోయింది. మమ్మల్ని చూడగానే ఆయాసపడుతూనే లేచి అరిచాడు.

"మా ఇంట్లో పెండ్లి కావాల్సిన ఆడబిడ్డ ఒకతే ఉండాది!"

"ఇద్దరుండారు కదప్పా" అంది ఆ పెద్దావిడ, నెమ్మదిగా.

నాయన ఆమెను వదిలి అక్క మీద పడ్డాడు. నన్ను ఎగతాళి చేసినావే, ముండమోసిన దానికి పెండ్లేంది, నలుగురిలో తల యాడ పెట్టుకోవాలి అని. ముండమోసిన అన్న మాటకు పిన్నమ్మ కళ్ళు మూసుకుంది. అత్త ఏమాత్రం తగ్గలేదు.

"మన అవ్వది మారుమనువే కదరా, మర్చిపోతివా? ఆమె రెండో మొగుడి మనవళ్ళమే కదా నువ్వూ నేనూ? బంగారం ఊరికి పోయి రేకుల ఇంట్లో చేరినాక నీకు యాడి నుంచి వచ్చినాది ఈ పరువు?"

నాయన మనుషులందరినీ వదిలి, దిక్కుతోచనట్టు, నావైపు తిరిగాడు. పాపం, ఆయన మొహం కూడా నా మొహం లాగే ఉండి ఉంటుంది. "నీకు తెలుసా ఇది?" అని అడిగాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. అతను కొంచెం వెనక, గోడకు చెయ్యి ఆనించి ఉన్నాడు. నా పక్కన పిన్నమ్మ, నా చేతిలో ఆమె చెయ్యి. తెలియదు నాయనా అని నిజం చెబితే అక్కడితో అంతా అయిపోయేది. తెలుసు అంటే అబద్ధం. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"నన్ను అడిగినారు నాయనా. నాకు ఇష్టమే అని చెప్పినాను."

చెప్పింది అక్షరాలా జరిగిందే. కానీ దాన్ని చెప్పేటప్పుడు నేను త్యాగం చేస్తున్నానని గానీ, పిన్నమ్మను గట్టెక్కిస్తున్నానని గానీ అనుకున్న గుర్తు లేదు. పట్టుచీర కట్టుకుని కొండెక్కి పొరపాటు పడ్డానని ఆ ఎండలో అందరికీ తెలిసిపోకుండా ఉంటే చాలనుకున్నానేమో. లేక పిన్నమ్మ మళ్ళీ ఆ బురుజు అంచుకు పోకూడదనుకున్నానేమో. రెండూ ఒకేసారి అనుకోవచ్చా? ఇప్పటికీ తెలియదు. పిన్నమ్మ వేళ్ళు మాత్రం నా వేళ్ళను ఒక్కసారి నొప్పి పుట్టేటట్టు నొక్కాయి.

నాయన బస్సుకు టైమైతాంది పదండి అన్నాడు. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. బస్సులో పిన్నమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుని, బేతమంగళం దాటాక, ఇంజను చప్పుడులో నాకొక్కదానికే వినపడేటట్టు అడిగింది. "నీ మనసులో ఏముండాదో చెప్పు. నువ్వు వొద్దంటే ఈ జన్మకు ఆ మాట ఎత్తను." "నాకే తెలీదు పిన్నమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చి, అట్లాగే నిద్రపోయాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పొద్దుటిదాకా మొహమైనా తెలియని మనిషి మీద అంత దుఃఖం ఎందుకొచ్చిందో, అది అతని కోసమో, అతను అడిగిన ఆ మాట కోసమో ఎన్నోసార్లు ఆలోచించాను. తేలలేదు.

నాయన కొన్నాళ్ళు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం చెల్లెల్ని పట్టుకుని ఒకరోజంతా ఏడ్చి, మరునాటి నుంచి రోజుకు ఒకసారి ఆయన కంచం ముందు కూర్చుని ఆ మాటే ఎత్తింది. చివరికి పెళ్ళి కురుడుమలె వినాయకుడి గుళ్ళో, పదిహేనుమంది మధ్య జరిగింది. రానని భీష్మించుకున్న నాయన తాళి కట్టే వేళకు ఎక్కడి నుంచో వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. ఎవరో ముందుకు రమ్మంటే, పిల్లను ధారపోసే తండ్రి పని తానే చేశాడు. పిన్నమ్మ నుదుటి మీద బొట్టు చూసి నాకు ఒక్క క్షణం ఆమె ఎవరో కొత్త మనిషిలా అనిపించి బెదిరిపోయాను. నేను చిన్నాయనా అని పిలవగానే అతను నవ్వాడు. నేను కొండ మీద దేనికి ఇష్టమన్నానో అతనికి తెలియదు. పోయేవరకూ తెలియలేదు. నా పిల్లల్ని భుజాన ఎక్కించుకుని బజారంతా తిప్పిన మనిషి. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదట వచ్చి చివర పోయేవాడు.

అత్తను, ఆమె మంచం పట్టిన రోజుల్లో, ఒకసారి అడిగాను. తెలిసి తెలిసీ నాయనకు అట్లా చెప్పావా, నా సంగతి ఏమవుతుందని ఆలోచించలేదా అని. ఆమె పళ్ళులేని నోటితో నవ్వి, "పిల్లకు సంబంధం అన్నాను. ఏ పిల్లకు అని మీ నాయన అడగలేదు కదే" అంది. నా సంగతికి జవాబు రాలేదు. వినపడలేదో, వినపడనట్టు ఉండిపోయిందో.

ఆ కొండ దిగిన రెండేళ్ళకు నా పెళ్ళి కోలారులో ఆఫీసు గుమాస్తాతో అయింది. ఆయన నన్ను బాగానే చూసుకున్నారు, అందులో ఏ లోటూ లేదు. సంబంధం నాయన కుదిర్చాడు, పిన్నమ్మా చిన్నాయనా దగ్గరుండి జరిపించారు. నా ఇష్టం అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆ తర్వాత ఇల్లు కట్టినా, ఊరు మారినా, పిల్లల పెళ్ళిళ్ళు చేసినా నేను తలూపినవే గానీ నన్నడిగి చేసినవి తక్కువ. జీవితం మొత్తానికి నీకు ఇష్టమేనా అని నన్ను ఎదురుగా కూర్చుని అడిగిన మనిషి చిన్నాయన ఒక్కడే. అది కూడా నా సంగతి కాదు.

గనులు మూతపడ్డాయి. సైరన్ లేదు. మా లైన్లలో ఇప్పుడు ఎవరుంటున్నారో తెలియదు. కొండెక్కి వచ్చిన ఆ మనవరాలికే ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. అదీ అబ్బాయిలూ ఫోనుల్లోనే సూటిగా మాట్లాడుకుంటున్నారు, ఏం కావాలో ఏం వద్దో ముందే చెప్పేసుకుంటున్నారు. మధ్యలో అత్తలెవరూ లేరు, ఎవరి మాటా దారి తప్పి ఇంకొకరి ఇంటి ముందు ఆగిపోదు. అది మంచిదే. దాని అమ్మా నాన్నా రోజూ పక్కన కూర్చుని నీకు ఇష్టమేనా, నీకు ఇష్టమేనా అని అడుగుతూనే ఉంటారు. అది గోళ్ళు చూసుకుంటూ, ఏమో, తెలియట్లేదు అంటుంది. విసుక్కోకుండా ఇంకోసారి అడగండి అంటాను నేను.